ఫ్యూయల్ సెల్ చరిత్ర: ప్లాటినం, గ్రాఫీన్, మన కొండరాయి



అన్నలూ అక్కలూ, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది కొంచెం పెద్ద పోస్టు. మూడు రాత్రులు హాస్టల్లో కూర్చుని రాశాను. ఒకేసారి కాకపోతే రెండుసార్లుగా అయినా చివరిదాకా చదవండి. చివర్లో మన కొండల సంగతి ఉంది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మాది కోదు కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. పోయిన నెల క్లాసులో సెమినార్ టాపిక్కులు చీటీలు వేసి పంచారు. నా చీటీలో "హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్స్ కోసం గ్రాఫీన్ ఆధారిత ఉత్ప్రేరకాలు" అని ఉంది. పక్క బెంచీలో ఒకరు అది చూసి, "ఏజెన్సీ నుంచి వచ్చావు, నీకు అడ్డాకుల మీద టాపిక్ ఇవ్వాల్సింది" అని నవ్వారు. నేనూ నవ్వేశాను. కానీ ఆ మాట లోపల ఉండిపోయింది. ఈ టాపిక్‌కీ నాకూ నిజంగా ఏ సంబంధమూ లేదా అని వెతకడం మొదలుపెట్టాను. దొరికింది ఇక్కడ రాస్తున్నాను.

*ముందు విషయం అర్థం చేసుకుందాం*

ఫ్యూయల్ సెల్ అంటే బ్యాటరీకి చుట్టం లాంటిది. బ్యాటరీలో సరుకు అయిపోతే మళ్ళీ చార్జింగ్ పెట్టాలి. ఫ్యూయల్ సెల్‌కి ఒక పక్క నుంచి హైడ్రోజన్, ఇంకో పక్క నుంచి ఆక్సిజన్ పంపిస్తూ ఉంటే కరెంటు ఇస్తూనే ఉంటది. బయటికి వచ్చేవి నీళ్ళు, కొంచెం వేడి. పొగ ఉండదు.

మధ్యలో ఒక పల్చటి పొర ఉంటుంది. హైడ్రోజన్ ఆ పొర దగ్గరకొచ్చి ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ప్రోటాన్లు పొరలోంచి అవతలికి దాటిపోతాయి. ఎలక్ట్రాన్లని పొర దాటనివ్వదు. అవి బయట తీగలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ చుట్టు తిరగడమే మనకి కరెంటు. అవతలి పక్క ఆక్సిజన్ దగ్గర ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ మళ్ళీ కలుసుకుని నీరు అవుతాయి.

వినడానికి తేలికే. కానీ ఇది దానంతట అది జరగదు, జరిగినా చాలా నెమ్మదిగా జరుగుతుంది. ముఖ్యంగా ఆక్సిజన్ పక్క. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం. అందుకే ఉత్ప్రేరకం, అంటే క్యాటలిస్టు, కావాలి.

మా ఊరి నుంచి సంతకి పోవాలంటే కొండ దాటాలి. కొండ కొసదాకా ఎక్కి దిగాలంటే ఎవరూ సంతకి పోరు. రెండు కొండల మధ్య కనుమ ఉంది కాబట్టి పోతున్నాం. ఉత్ప్రేరకం చేసే పని అదే. కొండని తీసెయ్యదు, కనుమ చూపిస్తుంది. ఊరూ మారదు, సంతా మారదు, ఎక్కాల్సిన ఎత్తు తగ్గుతుంది.

ఫ్యూయల్ సెల్ పుట్టిన దగ్గర్నుంచి ఆ కనుమ పేరు ప్లాటినం. ఈ చరిత్ర మొత్తం ఆ ప్లాటినాన్ని వాడుకోవడం, తగ్గించడం, వదిలించుకోవడం గురించే.

*ప్లాటినం ముందు ఎవరికి తెలుసు?*

నేను మొదట చదివిన చోట్లన్నీ కథని యూరప్‌లో మొదలుపెట్టాయి. ప్లాటినం ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే ఇంకో చోటికి వెళ్ళాను. దక్షిణ అమెరికాలో ఈక్వెడార్, కొలంబియా దేశాల పసిఫిక్ తీరంలో లా తోలితా అనే చోటు ఉంది. స్పెయిన్ వాళ్ళు ఆ ఖండంలో అడుగు పెట్టకముందే అక్కడి మూలవాసులు ప్లాటినంతో నగలూ చిన్న చిన్న వస్తువులూ చేశారు.

ఇది ఎంత పెద్ద విషయమో చెప్తాను. బంగారం 1,064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ప్లాటినం కరగాలంటే 1,768 డిగ్రీలు కావాలి. బొగ్గు నిప్పు మీద గొట్టంతో ఊదితే అంత వేడి రాదు. మరి ఎలా చేశారు? ఏటి ఇసుకలో దొరికిన ప్లాటినం రవ్వల్ని బంగారం పొడితో కలిపి వేడి చేశారు. బంగారం కరిగి రవ్వల మధ్యకి పోయి వాటిని అతికిస్తుంది. తర్వాత సుత్తితో కొట్టడం, మళ్ళీ కాల్చడం, మళ్ళీ కొట్టడం. అలా చేస్తూ చేస్తూ ఒకే ముద్దగా చేశారు. ప్లాటినాన్ని కరిగించకుండానే దానికి రూపం ఇచ్చారన్నమాట. ఇప్పుడు దీన్నే పౌడర్ మెటలర్జీ అని ఇంజినీరింగ్‌లో పాఠంగా చెప్తున్నారు. వాళ్ళు ఎలా చేశారో డెన్మార్క్‌కి చెందిన పాల్ బెర్గ్‌సో 1930ల్లో ఆ పాత వస్తువుల్ని పరీక్షించి వివరించాడు.

స్పెయిన్ వాళ్ళు వచ్చి కొలంబియాలోని చోకో ప్రాంతంలో బంగారం తవ్వించారు. తవ్వింది మూలవాసులూ, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళూ. బంగారంలో ఈ తెల్ల రవ్వలు అడ్డం వస్తున్నాయని విసుక్కుని దానికి "ప్లాటినా" అని పేరు పెట్టారు. స్పానిష్‌లో ప్లాటా అంటే వెండి. ప్లాటినా అంటే చిన్న వెండి, ఒక రకంగా చిన్నచూపు పేరే. బంగారంలో కలిపి మోసం చేస్తారని భయపడి కొంత సరుకుని నదుల్లో పారబోయించారు కూడా. యూరప్ పండితులు దీన్ని సాగే లోహంగా మార్చడం నేర్చుకునేసరికి 18వ శతాబ్దం చివరికి వచ్చింది.

నేను ఇక్కడ ఆగి చాలాసేపు ఆలోచించాను. చేతిలో పని తెలిసినవాళ్ళ పేరు ఒక్కటి కూడా మిగల్లేదు. పారబోసినవాళ్ళు పెట్టిన పేరు మాత్రం మన పీరియాడిక్ టేబుల్‌లో ఉంది.

*పెద్ద చదువు లేని ప్రొఫెసర్, కోర్టు లాయరు*

పదో తరగతిలో డాబరీనర్ త్రికాలు చదివాం కదా. అదే డాబరీనర్ ఈ కథలో మళ్ళీ వస్తాడు. జర్మనీలో ఒక బండి తోలే మనిషి కొడుకు. బడి చదువు పెద్దగా లేదు. మందుల దుకాణంలో పనికి చేరి అక్కడే కెమిస్ట్రీ నేర్చుకున్నాడు. 1810లో యేనా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. త్రికాల గురించి పుస్తకంలో ఉంది గానీ ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అప్పుడే ఇంకొంచెం ఇష్టంగా చదివేదాన్ని.

1823లో ఆయన మెత్తని స్పాంజిలాంటి ప్లాటినం మీదకి హైడ్రోజన్ వాయువుని వదిలాడు. అగ్గిపుల్ల లేకుండానే ప్లాటినం ఎర్రగా కాలి హైడ్రోజన్ అంటుకుంది. ప్లాటినం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. దీనితో ఆయన ఒక దీపం చేస్తే అది ఇళ్ళల్లో నిప్పు రాజేసుకోవడానికి పనికొచ్చింది. ఇలాంటి పనికి "కెటాలిసిస్" అని స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1835లో పేరు పెట్టాడు.

ఫ్యూయల్ సెల్ పుట్టింది 1839 ప్రాంతంలో. స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న షోన్‌బైన్, బ్రిటన్‌లో విలియం గ్రోవ్ ఇద్దరూ దాదాపు ఒకే సమయంలో దీన్ని గమనించారు. గ్రోవ్ వేల్స్‌వాడు, వృత్తికి లాయరు, తర్వాత జడ్జి కూడా అయ్యాడు. నీటిలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుందని 1800 నుంచే తెలుసు. గ్రోవ్ దాన్ని వెనక్కి తిప్పాడు. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో రెండు గాజు గొట్టాలు బోర్లించి, ఒకదాంట్లో హైడ్రోజన్, ఇంకోదాంట్లో ఆక్సిజన్ నింపి, రెండింట్లో ప్లాటినం రేకులు పెట్టాడు. తీగ కలిపితే కరెంటు వచ్చింది. 1842లో అలాంటివి చాలా వరసగా కలిపి, ఆ కరెంటుతోనే ఇంకో చోట నీటిని విడగొట్టి చూపించాడు.

గ్రోవ్ ఇంకో ముఖ్యమైన సంగతి పట్టుకున్నాడు. వాయువు, ద్రవం, లోహం మూడూ కలిసే గీత దగ్గరే పని జరుగుతోంది. రేకు ఎంత పెద్దదైనా ఆ గీత సన్నదే. కాబట్టి కరెంటు కొంచెమే. "మూడూ కలిసే చోటుని ఎలా పెంచాలి?" అన్న ఈ ప్రశ్నే గ్రాఫీన్ దాకా వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

1889లో మోండ్, లాంగర్ అనే ఇద్దరు దీన్ని కొంచెం పెద్దగా చేయబోయారు. పని చేసింది గానీ ప్లాటినం ఖర్చు భరించలేకపోయారు. ఈలోగా బొగ్గుతో తిరిగే డైనమోలు చవగ్గా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఫ్యూయల్ సెల్‌ని అందరూ మర్చిపోయారు.

*చందమామ దాకా వెళ్ళి, రోడ్డు మీదకి రాలేక*

మళ్ళీ దుమ్ము దులిపింది ఇంగ్లండ్ ఇంజినీరు ఫ్రాన్సిస్ థామస్ బేకన్. 1930ల్లో మొదలుపెట్టి పాతికేళ్ళకి పైగా దీనిమీదే కూర్చున్నాడు. ఆమ్లం బదులు క్షారం, ప్లాటినం బదులు నికెల్ వాడాడు. 1959లో 5 కిలోవాట్ల సెల్ చూపించాడు. ఆ పద్ధతిని మెరుగుపరిచే అపోలో నౌకల్లో పెట్టారు. చందమామ మీదకి పోయినవాళ్ళు ఆ సెల్‌లో పుట్టిన నీళ్ళే తాగారు. 1970లో అపోలో 13 ప్రమాదం అంటే కూడా ఇదే: ఆక్సిజన్ ట్యాంకు పేలి, ఫ్యూయల్ సెల్స్‌కి ఆక్సిజన్ అందక కరెంటు పోయింది.

మరి ప్లాటినం లేని సెల్ దొరికినట్టే కదా? కాదు. క్షారం ఉన్న సెల్‌కి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పడదు, లోపల కార్బొనేట్ పేరుకుంటుంది. శుద్ధమైన ఆక్సిజన్ ఇవ్వాలి. అంతరిక్షంలో అది ట్యాంకులో మోసుకెళ్తారు. బస్సుకీ లారీకీ కష్టం.

ఇంకో దారి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో మొదలైంది. 1955లో థామస్ గ్రబ్ ద్రవం బదులు ప్లాస్టిక్ పొర వాడాడు. తర్వాత లెనార్డ్ నీడ్రాక్ ఆ పొర మీద ప్లాటినం అద్దడం కనిపెట్టాడు. 1965లో జెమిని 5 నౌకలో అది ఎగిరింది. నేను పైన చెప్పిన పొర కథ ఇదే. ఇప్పుడు కార్లలో వాడేదీ ఈ రకమే. కానీ పొర ఆమ్లగుణం ఉన్నది. అందులో నికెల్, ఇనుము లాంటివి తినేయబడతాయి. నిలబడేది ప్లాటినం. అంటే మళ్ళీ మొదటికే వచ్చాం.

అందుకని ప్లాటినం తగ్గించే పని మొదలైంది. రేకు మానేసి, నల్లటి కార్బన్ పొడి మీద ప్లాటినాన్ని కొన్ని నానోమీటర్ల రవ్వలుగా చల్లారు. 1980ల్లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఆ పొడికి పొరలో వాడే పాలిమర్‌నే కలిపి పూశారు. చదరపు సెంటీమీటరుకి 4 మిల్లీగ్రాములు కావాల్సిన ప్లాటినం 0.4 మిల్లీగ్రాములకి తగ్గింది. పదో వంతు! గ్రోవ్ చెప్పిన "మూడూ కలిసే చోటు" పెరగడం వల్లే ఇది జరిగింది. 2014 చివర్లో టయోటా కంపెనీ మిరాయ్ అనే హైడ్రోజన్ కారుని అమ్మకానికి తెచ్చింది. అయినా ప్లాటినం పూర్తిగా పోలేదు.

*ఆ ప్లాటినం ఎవరి నేలలోది?*

ప్రపంచంలో గనుల నుంచి వచ్చే ప్లాటినంలో చాలా పెద్ద వాటా ఒక్క దక్షిణాఫ్రికాదే. అక్కడ రస్టెన్‌బర్గ్ దగ్గర బాఫోకెంగ్ అనే తెగ ఉంది. వాళ్ళ కథ మనం తెలుసుకోవాలి.

19వ శతాబ్దంలో తెల్లవాళ్ళు వచ్చి వాళ్ళ భూములు పంచేసుకున్నారు. బాఫోకెంగ్ పెద్ద మొగాట్లే తన కుర్రాళ్ళని కింబర్లీ వజ్రాల గనుల్లో కూలికి పంపాడు. ఆ కూలి డబ్బుల్లో వాటా తీసి, తమ భూమిని తామే తిరిగి కొనుక్కున్నారు! నల్లవాళ్ళ పేరున పట్టా ఇవ్వరు కాబట్టి మిషనరీల పేరు మీద కొన్నారు. 1920ల్లో ఆ నేల కింద ప్లాటినం బయటపడింది. తర్వాత హక్కుల కోసం ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడారు. 1999లో గని కంపెనీతో ఒప్పందం కుదిరి రాయల్టీలో సరైన వాటా వచ్చింది. భూమి కాగితం చేతిలో ఉండబట్టే ఆ మాత్రమైనా దక్కింది.

దానికి దగ్గర్లోనే మారికానా అనే గని ఉంది. 2012 ఆగస్టు 16న జీతం పెంచమని సమ్మె చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 34 మంది చనిపోయారు. అది ప్లాటినం గని. పొగ రాని బండి అని మనం సంతోషిస్తాం. నిజమే, పొగ రాదు. కానీ ఆ బండిలో ఉన్న ప్రతి మిల్లీగ్రాము ఎవరో భూమిలోంచి తవ్వి పైకి తెచ్చినదే.

కాబట్టి "ప్లాటినం లేకుండా చెయ్యగలమా?" అన్నది ఖర్చు లెక్క మాత్రమే కాదు.

*కార్బన్ వైపు మలుపు*

1964లో జాసిన్‌స్కీ ఒక చిన్న పరిశోధన ప్రకటించాడు. కోబాల్ట్ పరమాణువు చుట్టూ నైట్రోజన్, కార్బన్ ఉంగరంలాగా అమరిన ఒక పదార్థం ఆక్సిజన్‌ని విడదీయగలదని చూపించాడు. మన రక్తంలో హీమోగ్లోబిన్ ఉంది కదా, సికిల్ సెల్ పరీక్షలప్పుడు ఏజెన్సీలో అందరం వినే మాట. అందులోనూ ఇనుము చుట్టూ నాలుగు నైట్రోజన్లు కూర్చుని ఉంటాయి. అది ఆక్సిజన్‌ని పట్టుకుని మోస్తుంది. అంటే ఆక్సిజన్‌తో పని చేయించడానికి ప్లాటినమే అక్కర్లేదని ప్రకృతికి ఎప్పుడో తెలుసు.

ఆ తర్వాత ఇలాంటివి కార్బన్‌తో కలిపి కాలిస్తే ఇంకా బాగా పని చేస్తాయని తెలిసింది. 2009లో కెనడాలో డొడెలే బృందం, 2011లో లాస్ అలమోస్‌లో జెలెనే బృందం ఇనుము, నైట్రోజన్, కార్బన్‌తో ప్లాటినానికి దగ్గరగా వచ్చే ఉత్ప్రేరకాలు చూపించాయి. కానీ ఆమ్లంలో అవి ఎక్కువ కాలం నిలబడవు. ఆ తగువు ఇంకా తేలలేదు.

ఈలోగా గ్రాఫీన్ వచ్చింది. పెన్సిల్ ముల్లులో ఉండే నల్లటి పదార్థం గ్రాఫైట్. అందులో కార్బన్ పరమాణువులు తేనెపట్టు గళ్ళలాగా అల్లుకుని పొరలు పొరలుగా ఉంటాయి. ఒక మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలు. అందులో ఒక్క పొరే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ గ్రాఫైట్ ముక్క మీద మామూలు టేపు అతికించి లాగి, మళ్ళీ మళ్ళీ మడిచి లాగి, ఒక్క పొరని వేరు చేశారు. 2010లో నోబెల్ వచ్చింది. ఒక గ్రాము గ్రాఫీన్ పూర్తిగా విడిగా పరిస్తే లెక్క ప్రకారం 2,630 చదరపు మీటర్లు వస్తుంది. అరెకరం పైనే! పైగా కరెంటు బాగా ప్రవహిస్తుంది. ప్లాటినం రవ్వలు చల్లడానికి ఇంతకంటే మంచి చాప ఏముంటుంది?

2009లో అమెరికాలో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో సీగర్, ప్రశాంత్ కామత్ గ్రాఫీన్ మీద ప్లాటినం అద్ది ఫ్యూయల్ సెల్‌లో పరీక్షించారు. కామత్ బొంబాయిలో చదువుకుని వెళ్ళినాయన. మరుసటి ఏడాది లిమింగ్ దాయ్ బృందం ఇంకో అడుగు వేసింది. గ్రాఫీన్‌లో కొన్ని కార్బన్ల చోట నైట్రోజన్ పెడితే, అసలు లోహమే లేకుండా అది ఆక్సిజన్‌తో పని చేయించిందని చూపించారు. అయితే అది క్షారంలో. ఆమ్లంలో అంత బాగా రాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్రాఫీన్ పొరల్ని విడదీసి పెట్టినా ఆరబెట్టేసరికి మళ్ళీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు లోపలికి ఆక్సిజన్ పోదు, నీరు బయటికి రాదు. ఇది చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అడవి నుంచి తెచ్చిన తడి అడ్డాకుల్ని అలాగే కట్ట కట్టి పెడితే అతుక్కుని లోపల కుళ్ళిపోతాయి. అందుకే విడదీసి, మధ్యలో గాలి ఆడేలాగా ఆరబెడుతుంది. శాస్త్రవేత్తలు చేసిందీ అదే. గ్రాఫీన్ పొరల మధ్య కార్బన్ పొడో, నానో గొట్టాలో పెట్టి ఎడం చేశారు. నాకు అడ్డాకుల టాపిక్ ఇవ్వాలన్న మనిషికి తెలీదు గానీ, నా సెమినార్‌లో సగం ఇదే.

ఇంకో సంగతి నవ్వొస్తుంది గానీ చాలా ముఖ్యం. 2010 తర్వాత గ్రాఫీన్‌లో నైట్రోజన్ కలిపాం, సల్ఫర్ కలిపాం, బోరాన్ కలిపాం, అన్నీ బాగా పని చేస్తున్నాయని పరిశోధనలు వరదలా వచ్చాయి. మార్టిన్ పుమెరా అనే శాస్త్రవేత్తకి అనుమానం వచ్చింది. గ్రాఫైట్ పొరల్ని విడదీయడానికి 1958 నాటి హమ్మర్స్ పద్ధతిలో పొటాషియం పర్మాంగనేట్ వాడతారు. అందులోని మాంగనీసు కొంచెం మిగిలిపోయి, పని అదే చేస్తోందని ఆయన బృందం 2013లో చూపించింది. "లోహం లేదు" అని చెప్పినదాంట్లో లోహం ఉంది! తర్వాత 2020లో ఆ బృందం గ్రాఫీన్‌లో పక్షుల రెట్ట కలిపి పరీక్షించింది. అది కూడా మెరుగ్గానే పని చేసింది. ఏది కలిపినా కొంత మెరుగవుతుంటే, ఎందుకో చెప్పకుండా ఊరికే ప్రకటించడం సైన్స్ కాదని ఎత్తిపొడవడం అన్నమాట. పెద్ద పెద్ద ల్యాబుల్లో కూడా ఇలా జరుగుతుంది. కాబట్టి ఇంగ్లీషులో రాసిందంతా నిజమని భయపడనక్కర్లేదు, ప్రశ్న అడగొచ్చు.

ఇప్పుడు ఎక్కడున్నాం? పుస్తకంలో ఉత్ప్రేరకం ఖర్చు కాదని చదువుతాం. నిజం సెల్‌లో ప్లాటినం మెల్లగా కరుగుతుంది, రవ్వలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై పోతాయి, కింద కార్బన్ కూడా తినేయబడుతుంది. 2022లో అమెరికాలో యూ హువాంగ్ బృందం ప్లాటినం, కోబాల్ట్ రవ్వల చుట్టూ గ్రాఫీన్‌తో చిన్న సంచీలాంటిది కట్టింది. రవ్వ బయటికి పోదు, వాయువు లోపలికి వస్తుంది. దాంతో తక్కువ ప్లాటినమే ఎక్కువ కాలం పని చేసింది. అంటే గ్రాఫీన్ ప్లాటినాన్ని ఇంకా తరిమెయ్యలేదు. దానికి చాపగా, సంచిగా ఉండి దాని అవసరాన్ని తగ్గిస్తోంది. నిజాయితీగా చెప్పాలంటే ఇవాళ్టికి ఉన్న పరిస్థితి ఇదే.

*ఇక మన కొండరాయి*

గ్రాఫీన్‌కి గ్రాఫైట్ కావాలి. గ్రాఫైట్ ఎక్కడుంటుంది అని చూస్తే ఒక మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి: ఖొండలైట్.

తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయి ఇది. విశాఖ చుట్టుపక్కల కొండలు, ఒడిశా కొండలు చాలావరకు ఇదే. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే. 1902లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన టి. ఎల్. వాకర్ కలహండి ప్రాంతం గురించి రాస్తూ ఈ రాయికి ఆ పేరు పెట్టాడు. ఆ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద. అంటే మన కోదుల పేరు మీద. అందులో క్వార్ట్‌జ్, గార్నెట్, సిల్లిమనైట్ ఉంటాయి, గ్రాఫైట్ ఉంటుంది. ఒడిశాలో బొలాంగీర్, రాయగడ వైపు గ్రాఫైట్ గనులు ఉన్నాయి.

మా ఊరి వెనక కొండ రాయి తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉంటది. మధ్యలో మెరిసే నల్లటి పొలుసులు. చిన్నప్పుడు ఆ పొలుసులు గీకి వేళ్ళకి మసి చేసుకునేవాళ్ళం, బండ మీద గీతలు గీసేవాళ్ళం. పలక కొనకముందు నేను గీసిన మొదటి గీతలు అవే. అది గ్రాఫైట్ అని ఇరవై ఏళ్ళకి తెలిసింది. ఆ రాయికి మా పేరే ఉందని కూడా ఇప్పుడే తెలిసింది. ఈ సంగతి నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "పేరు పెట్టినోళ్ళు మనల్ని అడిగారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదు. హక్కు కోసం కాగితం కావాలి. మనకి ఐదో షెడ్యూలు ఉంది, 1970లో గట్టిపరిచిన భూబదలాయింపు చట్టం ఉంది. 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి భూమి లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. బాఫోకెంగ్ వాళ్ళకి పట్టా కాగితం ఎలాగో మనకి ఈ తీర్పు అలాగ.

ఇది ఇప్పుడు ఎందుకంటే, హైడ్రోజన్ మన గుమ్మం దాకా వచ్చింది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ని ఆమోదించింది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన అయ్యింది. గ్రీన్ హైడ్రోజన్ అంటే నీటిని సూర్యుడి నుంచో గాలి నుంచో వచ్చే కరెంటుతో విడగొట్టి తీసేది. ఆ కరెంటు రాత్రికి దాచుకోవడానికి కొండల మీద పంప్డ్ స్టోరేజీ జలాశయాలు కావాలంటున్నారు. అవి మన మన్యంలోనూ ప్రతిపాదనలో ఉన్నాయి, ఊళ్ళవాళ్ళు గ్రామసభల్లో అభ్యంతరం చెప్తున్నారు. ఇది అవసరమా కాదా అన్న చర్చలో మనం మాట్లాడాలంటే, ఫ్యూయల్ సెల్ అంటే ఏంటో, గ్రాఫైట్ అంటే ఏంటో మనకి తెలిసి ఉండాలి. తెలీకపోతే వేరేవాళ్ళు వచ్చి మనకి అర్థమయ్యేలా కాకుండా వాళ్ళకి అనువయ్యేలా చెప్తారు.

లా తోలితా పనివాళ్ళకి విద్య ఉంది, కాగితం లేదు, పేరు మిగల్లేదు. బాఫోకెంగ్ వాళ్ళు కాగితం సంపాదించుకున్నారు, వాటా దక్కించుకున్నారు. మనకి రాయి మీద పేరు ఉంది, చేతిలో తీర్పు ఉంది. మిగిలింది విద్య.

ఇంటర్, డిగ్రీలో సైన్స్ చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్ పరీక్ష ఉంది, అందులో ఎస్టీలకి 7.5 శాతం సీట్లు ఉన్నాయి. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకి గిరిజన వ్యవహారాల శాఖ ఫెలోషిప్ ఉంది. హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. దాని పేరులోనే పౌడర్ మెటలర్జీ ఉంది, లా తోలితా వాళ్ళు చేసిన పని! ఫ్యూయల్ సెల్స్ మీద వాళ్ళకి చెన్నైలో ప్రత్యేక కేంద్రం ఉంది. ఇవి నాకు మొన్నటిదాకా తెలీదు. మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

నా సెమినార్ వచ్చే సోమవారం. ఇంగ్లీషు తడబడుతుందని భయంగానే ఉంది. నాన్న చేత ఊరి నుంచి వచ్చే బస్సులో ఒక రాయి ముక్క, అమ్మ చేత ఒక అడ్డాకుల కట్ట పంపించమన్నాను. రెండూ టేబుల్ మీద పెట్టి మొదలుపెడతాను. ముందు ఆ రాయి పేరు చెప్తాను.

తప్పులు ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను. మీ ఊరి కొండ మీద ఏ రాయి ఉందో ఈసారి ఇంటికెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని అడిగి రాయండి.

జై ఆదివాసీ.